పేరు కొడితే రాని మనిషి

పోయినదాన్ని వెదికి పట్టుకోవడంలో గుడియాత్తం తాలూకా మొత్తానికి నన్ను మించినవాడు పుట్టలేదు. పుట్టినా వాడికి నా దగ్గరే పాఠం. కౌండిన్యానది పొంగిన ఏడు మా వీధిలో వేలు అనేవాడి బర్రె వరదలో కొట్టుకుపోతే, గట్టు మీద నిలబడి గాలి వాసన చూసి, "పళ్ళికొండ దగ్గర ఒడ్డెక్కింది, రంగనాథుడి గుడి వెనకాల మేస్తోంది, ఎడమ కొమ్ముకు గుర్రపుడెక్క తీగ చుట్టుకుని ఉంది" అని చెప్పినవాణ్ణి నేను. పోయి చూస్తే ఎడమ కొమ్మే!

ఇంతవరకు చెప్పానో లేదో, మా అన్న కోడలు అమరావతి చేతిలోని చెంబును ఠంగున నేలకు ఆనించింది.

"చిన్నమామా, ఆ బర్రె కత ఇంగొకసారి ఎత్తినావంటే నేనూ ఇల్లిడిచి పోతా. అప్పుడు మా ఇద్దర్నీ కలిపి వాసన చూసి పట్టుకుందువులే."

ధైర్యం చెబుదామని ఎత్తిన కథే అది. నా దగ్గర ఉన్న ధైర్యమంతా ఇట్లాంటి కథల్లోనే ఉంది మరి.

మా అన్న కొడుకు కుమరేశన్ కైలీల మూట భుజానికెత్తుకుని గడప దాటిపోవడం పోయిన వారం కథలో మీరు చూశారు. మీరు గళ్ళ లుంగీ అంటారే, దాన్నే మేము కైలీ అంటాం. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె సంతలు తిరిగి అమ్ముకొస్తానని పోయినవాడు తిరిగి రాలేదు. ఫోను మొదట మోగింది. తర్వాత మోగడం కూడా మానుకుంది. ఇక్కడి స్టేషన్లో రాసి ఇచ్చి వచ్చాం.

లోపల గుంటమగ్గం మీద సగం నేసిన పడుగు అట్లే ఉంది. ఆ మగ్గంలో ఎవ్వరినీ కూర్చోనివ్వడం లేదు అమరావతి. దుమ్ము పడకుండా తన పాత చీర ఒకటి కప్పింది. కప్పి ఉన్న ఆ ఆకారం నాకు నచ్చడం లేదు. అందుకని ఎప్పుడూ దానికి వీపు పెట్టే కూర్చుంటున్నాను.

గడపలో ఫోను పట్టుకుని కూర్చున్నది వాళ్ళ కూతురు నివేదిత. వేలూరు బాగాయంలో కంప్యూటర్ ఆఫీసు పని. సెలవు పెట్టి వచ్చింది. వచ్చినప్పటినుంచి ఆ అద్దం మీద వేలు ఆడిస్తూనే ఉంది.

"ఏం వెదుకుతావుండావు పాపా?"

"నాయన పేరు తాతా."

"పేరు కొడితే మనిషి వస్తాడా?"

"మనిషి రాడు. ఎవురైనా, యాడైనా ఆ పేరు రాసుంటే అది వస్తాది." ఫోను నా వైపు తిప్పింది. "సుమ్మా, ఊరికే కొడితే కుప్పలకొద్దీ వస్తాయి. పేరుకు ముందొక కొటేషను, వెనకొక కొటేషను పెడితే ఆ మాటలు విడిపోకుండా పక్కపక్కనే ఉండే పేజీలే వస్తాయి."

"కైలీకి రెండు పక్కలా అంచు నేసినట్ల."

"అంతే అనుకో."

గుడియాత్తం కుమరేశన్ అని అంచు కట్టి కొట్టింది. ఏమీ రాలేదు. అంచు విప్పి కొట్టింది. కొండకొక్కడుగా ఉన్న మురుగన్ స్వాములంతా నెమళ్ళతో సహా దిగి వచ్చారు. కుమరేశన్ ఆయన పేరే కదా!

"ఉండు, దేవుణ్ణి తీసేస్తాను," అని, తమిళంలో గుడిని కోయిల్ అంటారే, ఆ మాట రాసి దాని ముందర చిన్న అడ్డగీత పెట్టింది. స్వాములు మాయమయ్యారు.

దేవుణ్ణి తీసేసే గీత ఒకటి ఉందని నాకు ఈ వయసులో తెలిసింది. తీసేశాక ఒక కల్యాణ మండపం, బోర్లు వేసేవాడు ఒకడు, మాల వేయించుకుంటున్న కౌన్సిలరు ఒకడు మిగిలారు. మావాడు లేడు.

వాళ్ళ నాయన ఇల్లు విడిచిన రోజు నుంచి ఇటు రాసినవే చూపించమని ఫోనుకు చెప్పింది. పోలీసోళ్ళ సైటులో మాత్రమే వెదకమంది. ఇంగ్లీషులో వెదికింది, తమిళంలో వెదికింది. గుడియాత్తాన్ని ఇంగ్లీషువాళ్ళు ఎన్నిరకాలుగా రాస్తారో అన్నిరకాలుగానూ రాసి చూసింది.

"ఇంత చెప్పినా వినదా అది?" అంది అమరావతి.

"వింటాది మా. చెప్పింది చెప్పినట్లే వింటాది. అదే కష్టం."

"నువ్వు కూడా అట్లే వినుంటే ఈ గతి పట్టేదా?"

నివేదిత వేలు ఆగింది.

"మా, మళ్ళా మొదలుపెట్టద్దు."

"నేనేం మొదలుపెట్టినా? మొదలుపెట్టింది నువ్వు. 'నీ పేరు గూగుల్‌లో కొట్టినా రాదు నాయనా' అన్నావా లేదా? ఇప్పుడు కొట్టు. వస్తుందేమో చూడు."

ఆ మాట నివేదిత అన్నది నిజం. నేను కూడా అక్కడే ఉన్నాను. పిల్ల తన జీతంతో చీటీలు అచ్చు వేయించుకొచ్చింది, వేలెడంతవి, వాళ్ళ నాయన పేరూ ఫోను నంబరూ వేసి. ఒక్కో కైలీ మూలకు ఒకటి కుడితే నెట్టులో అమ్మచ్చు, కొన్నవాడు మళ్ళా అడగచ్చు అని దాని ఆశ. కుమరేశన్ ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నా నేత చూస్తే నాదని తెలీదా? చీటీ పెట్టేది శనగపప్పు పొట్లానికి," అన్నాడు. పిల్లకు పౌరుషం వచ్చింది. ఆ మాట అనేసింది. వాడు ఒక్క చీటీ కూడా కుట్టని కైలీలు మూట కట్టుకుని వెళ్ళిపోయాడు.

"కుట్టుంటే," అంది నివేదిత, "ఒక్కదానికి కుట్టున్నా, చూసినోళ్ళు ఫోను చేసుందురు."

"అంటే తప్పు ఆయనదే అంటావు."

"నేను అట్లనలేదు మా!"

"అనలే. నీ మొగం అంటాంది."

నేను ముక్కుపొడి డబ్బా తీసి, మూత తెరిచి, మళ్ళీ మూసి బొడ్లో పెట్టుకున్నాను. తుమ్మితే ఆ ఇంట్లో అప్పుడు ఏదో ఒకటి పగిలేటట్టు ఉంది.

అప్పుడే వాకిట్లో వ్యాను ఆగింది. అమరావతి తమ్ముడు బాలచంద్రన్ దిగాడు. పళ్ళికొండలో హైవే మీద ఇతనికి టిఫిన్ కడై. బావను వెదకడానికని కొట్టు మూసేసి ఆంధ్రా పక్క తిరిగి వస్తున్నాడు. చొక్కా నిండా మైదా గంజి ఎండి అట్టలు కట్టింది.

"అక్కా, ఒక బస్టాండు ఇడిచిపెట్టలేదు. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, అన్నిట్లో నోటీసులు అంటించినా. గోడ మీద, స్తంభం మీద, టీ కొట్టు తలుపు మీద. తీసుకో, ఫోటోలు చూడు."

"ఎవురైనా చూసినామన్నారా?"

"అడిగిన ప్రతివాడూ బాగా మాట్లాడినాడక్కా. అంతా మన తెలుగే. 'యాడన్నా మీది?' అని టీ గూడా ఇప్పించినాడు ఒకాయన."

"చూసినామన్నారా అని అడిగితే టీ సంగతి చెప్తావేరా?"

బాలచంద్రన్ లేదన్నట్టు తల ఆడించాడు.

నివేదిత అతని ఫోను తీసుకుని ఫోటోలు చూస్తూ ఉంది. ఒకచోట ఆగింది. వేళ్ళతో లాగి పెద్దది చేసింది. మదనపల్లె బస్టాండు గోడ. ఒక పక్క కోచింగు సెంటరు కాగితం, ఇంకో పక్క మోకాళ్ళ నొప్పుల నూనె కాగితం, మధ్యలో మా కుమరేశన్.

"మామా, ఇది తమిళంలో ఉండాది."

"అవును మరి. శంకరన్ ప్రెస్సులో పక్కన కూర్చోని చదివించి మరీ అచ్చేయించినా. ఒక్క తప్పు లేదు చూడు."

"ఆడ ఎవురు చదువుతారు మామా?"

"అదేంది పాపా? ఆడ మాట్లాడేది మన మాటే గదా..."

చెబుతూ చెబుతూనే అతని నోరు తెరుచుకుని ఉండిపోయింది.

ఈ తప్పు మీకు వింతగా ఉండచ్చు. మాకు కాదు. మా ఇళ్ళల్లో తెలుగు నోట్లో ఉంటుంది, కాగితం మీద ఉండదు. తిట్టుకునేది, లాలి పాడేది, పడుగు పోస్తూ వేళాకోళాలు ఆడేది అంతా తెలుగు. రాయవలసి వస్తే చెయ్యి తనంతట తానే తమిళంలోకి పోతుంది. రేషను కార్డు, పెళ్ళిపత్రిక, కరెంటు బిల్లు, చివరికి వెదుకుతున్నాం అనే నోటీసు కూడా. బాలచంద్రన్ ఊరంతా తెలుగులో అడిగి, అదే ఊరి గోడలకు తమిళం అంటించి వచ్చాడు.

అతన్ని అని లాభం లేదు. ఆ నోటీసుకు మైదా గంజి కాచినప్పుడు చిక్కదనం చూసి భేష్ అన్నది నేను. ఈ వీధిలో తెలుగు అక్షరం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. సరిహద్దు పక్క పల్లెలో అయిదో తరగతి దాకా తెలుగు బడిలో దెబ్బలు తిన్నవాణ్ణి. మీకు వారం వారం ఈ కథలు రాయడం తప్ప, ఇన్నేళ్ళుగా ఆ చదువుతో నేను చేసిందల్లా, మదనపల్లె నుంచి వచ్చే టమాటా పెట్టెల అడుగున పరిచిన పేపర్లు చదువుకోవడం. నోటీసు చూసినప్పుడు నాక్కూడా తోచలేదు.

"నేను గూడా అట్లే వెదికినా," అంది నివేదిత నెమ్మదిగా. "ఇంగ్లీషులో, తమిళంలో. తెలుగులో ఒక్కసారి గూడా కొట్టలా. మనది అట్ల రాస్తారనే గ్యాపకం రాలేదు తాతా."

"ఆయన పడిపోయి ఉంటే," అంది అమరావతి, మగ్గం మీది చీర సర్దుతూ, ఎవరి వైపూ చూడకుండా, "తెలుగులోనే గదా అమ్మా అనుంటాడు."

"తమిళంలో గూడా అమ్మా అనేదే గదక్కా," అన్నాడు బాలచంద్రన్.

అనేశాక తన నెత్తిన తానే ఒకటి మొట్టుకున్నాడు.

నివేదిత ఫోనులో తెలుగు అక్షరాల పలక ఒకటి తెప్పించింది. వాళ్ళ నాయన పేరు నేను చూపించిన అక్షరాలు ఒక్కొక్కటే నొక్కింది. ముగ్గులో చుక్కలు కలిపేదానిలాగా, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా. కుమరేశన్ అనే పేరు తెలుగులో కనిపించింది. అమరావతి వంగి చూసింది.

"ఇదా ఆయన పేరు? గుండ్రంగా బాగుండాదే."

పేరు కొడితే ఏమీ రాలేదు.

నివేదిత ఫోను ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత నన్ను అడిగింది.

"తాతా, మనకు కదా ఆయన కుమరేశన్. ఆడ రాసినోడికి ఆయన పేరు తెలీదే. తెలిసుంటే మనకు కబురు వచ్చుండు. వెదికేటప్పుడు మనకు తెలిసింది కొట్టకూడదు, రాసినోడు ఏమని రాసుంటాడో అది కొట్టల్ల. మా ఆఫీసులో దినమూ చేసేది అదే. నాయనకు మాత్రం చేయలేదు." మళ్ళీ ఫోను చేతిలోకి తీసుకుంది. "పేరు తెలీని మనిసిని తెలుగు పేపర్లో ఏమని రాస్తారు?"

నాకు వెంటనే నోటికి వచ్చింది. టమాటా పెట్టెల్లో ఎన్నిసార్లు చదివుంటాను! కానీ నోరు దాటడానికి అది మొరాయించింది.

"గుర్తు తెలియని వ్యక్తి అని రాస్తారు."

"అంటే?"

చెప్పాను. అమరావతి విన్నది. ఆ ఇంట్లో పుట్టి, ఆ మగ్గంలో కాళ్ళు దించుకుని బతుకంతా గడిపినవాడికి ఆ పేరు పెట్టినవాణ్ణి నేను.

"ఫోనుకు నువ్వే చెప్పు తాతా. అదే రాసుకుంటాది," అని నోటి దగ్గర పెట్టింది నివేదిత. చెప్పాను. రాసుకుంది. కొటేషన్లు పెట్టి, వాడు పోయిన రోజు నుంచి ఇటు అని చెప్పి, వేలు నొక్కింది.

వచ్చాయి!

ఒకటి కాదు, పది కాదు. తోసేకొద్దీ వస్తూనే ఉన్నాయి. నేను చదువుతూ పోయాను. రైలు పట్టాల పక్కన ఒకడు. చెరువులో ఒకడు. గుడి మెట్ల మీద ముసలామె. చెయ్యి మీద పచ్చబొట్టు ఉన్నవాడు, మెళ్ళో తాయెత్తు ఉన్నవాడు, ఏమీ లేనివాడు. ఇంతమందికి పేరు చెప్పేవాళ్ళు లేరా! ఒక్కొక్కరు వచ్చినప్పుడు అమరావతి గుండె మీద చెయ్యి పెట్టుకుంటుంది. కాదని తేలగానే తీస్తుంది. తీసి, ఎవరో తెలియని ఆ మనిషికి కూడా, "అయ్యో పాపం," అంటుంది.

"ఆడోళ్ళను తీసేద్దాం," అంది నివేదిత. "ఆడమనిసిని ఏమంటారు?"

"మహిళ."

మహిళకు ముందర గీత పెట్టింది. రైలుకు పెట్టింది. జాబితా కొంచెం తగ్గింది. అప్పుడు వేలు చాచి తెర మీద ఒకచోట చూపించింది. తర్వాత ఇంకోచోట, ఇంకోచోట.

"ఇది ఏంది తాతా? చదవడం రాకపోయినా తెలుస్తాంది, అన్నిట్లో ఇదే మాట ఉండాది. ఇదే ఆకారం."

నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

"తాతా."

"మృతదేహం."

ఆ మాట విడమరిచి చెప్పనక్కరలేకపోయింది. బాలచంద్రన్ లేచి వాకిట్లోకి పోయాడు.

నివేదిత ఆ మాట మీద వేలు నొక్కిపెట్టి, అట్లే ఎత్తి, పైన పెట్టెలోకి దించింది. దాని ముందర గీత పెట్టింది.

"గీత పెడితే చావు పోతుందా?" అంది అమరావతి.

"పోదు మా. మన కంటికి కనపడకుండా పోతుంది."

"సరి. నొక్కు."

నొక్కబోయి పిల్ల నా వైపు తిరిగింది.

"తాతా, ఆ బర్రె కత నిజమేనా?"

"యాడ నిజం! నేను పళ్ళికొండ దాకా పోయి, గుడి చుట్టూ మూడుసార్లు తిరిగి, కాళ్ళు బొబ్బలెక్కి ఇంటికొచ్చినా. వచ్చి చూస్తే ఏముంది, వేలు వాకిట్లో బర్రె నెమరేస్తాండాది. దానంతటదే వచ్చేసింది. నన్ను చూసి 'యాడికి పోయినావు ఇంతసేపు?' అన్నట్ల తల ఎత్తింది. నేను జన్మలో ఏదీ వెదికి పట్టింది లేదు పాపా. నా కళ్ళజోడు గూడా ఎప్పుడూ మీ అమ్మే ఇస్తాది."

నివేదిత నవ్వింది. వాళ్ళ నాయన పోయాక ఆ ఇంట్లో నవ్వు వినడం అదే. అమరావతి మాత్రం నవ్వలేదు.

"దానంతటదే వచ్చిందా?" అని అడిగింది, ఎంతో జాగ్రత్తగా, నిజమైన సంగతి అడిగినట్టు.

"వచ్చింది తల్లీ."

నివేదిత నొక్కింది. ఈసారి కొన్నే మిగిలాయి. ఒకడు కుర్రవాడు. ఒకడికి గడ్డం. తర్వాతది మదనపల్లె. నేను చదవడం మొదలుపెట్టి, రెండో వరుసలో ఆగిపోయాను.

"ఏంది చిన్నమామా? ఏంది?"

ఫోను నా చేతిలోకి తీసుకున్నాను. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, బడిలో పంతులు ముందర నిలబడినట్టు పైకి చదివాను.

"బస్టాండు సమీపంలో గుర్తు తెలియని వ్యక్తి కళ్ళు తిరిగి పడిపోయాడు. వయసు యాభై పైబడి ఉంటుంది. తెల్ల పంచె, నీలం చొక్కా ధరించి ఉన్నాడు. పక్కన ఉన్న మూటలో కొత్త గళ్ళ లుంగీలు ఉన్నాయి. పేరు, ఊరు తెలిపే ఆధారాలేవీ లభించలేదు. స్థానికులు ఆసుపత్రికి తరలించారు. మంచినీళ్ళు కావాలని అడిగాడు. వివరాలు తెలిసినవారు పోలీసులను సంప్రదించాలి."

"నీలం చొక్కా," అంది అమరావతి. "బొత్తం ఊడిపోయింటే నేనే కుట్టిచ్చినా."

"నీలం చొక్కాలు లోకమంతా ఉంటాయక్కా," అన్నాడు బాలచంద్రన్ గుమ్మంలోంచి. "కైలీలు అమ్మేవాళ్ళు గూడా సంతకు వందమంది."

"ఆధారాలేవీ లేవంటే ఏంది తాతా?" అని అడిగింది నివేదిత.

"పేరుండే కాగితం ఏదీ దొరకలేదని."

"చీటీ."

"పాపా..."

"చీటీ లేదని." దాని గొంతులో ఏడుపు లేదు. అది ఉంటే బాగుండును అనిపించింది నాకు.

అమరావతి లేచి కూతురి పక్కకు పోయి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పిల్ల తల మీద చెయ్యి పెట్టబోయి, ఏమనుకుందో, దాని భుజాన దుమ్ము దులిపినట్టు దులిపి పక్కకు వచ్చేసింది.

నివేదిత ఆ ఊరి పోలీసుల నంబరు వెదికి పట్టింది. అది ఒక్క నిమిషం పని. బాలచంద్రన్ ఫోను తీసుకుని వాకిట్లోకి పోయి మాట్లాడాడు. "అవునన్నా. సరేనన్నా. గుడియాత్తమన్నా. తమిళనాడే, అయితే మేము తెలుగోళ్ళమేనన్నా," అనడం మాకు వినిపించింది.

లోపలికి వచ్చాడు.

"ఫోన్లో ఆ మనిషే అని ఎట్ల చెప్తాం, వచ్చి చూడండి అన్నాడు."

"ఎట్ల ఉండాడంట?" అంది అమరావతి.

బాలచంద్రన్ వ్యాను తాళాల కోసం జేబు తడిమాడు.

"రేయ్, నిన్నే. ఎట్ల ఉండాడంట?"

"అడగలేదక్కా."

"ఎందుకడగలేదు?"

బాలచంద్రన్ చొక్కా మీది ఎండిన గంజిని గోటితో గీకుతూ నిలబడ్డాడు. కొంచెం కొంచెంగా అది పొట్టులాగా రాలింది.

"నువ్వు చేసి అడుగక్కా, కావాలంటే," అని ఫోను చాచాడు.

అమరావతి దాన్ని చూసింది. తీసుకోలేదు. నివేదిత కూడా తీసుకోలేదు. ఆ చెయ్యి కాసేపు అట్లే గాలిలో ఉండి, తర్వాత దానంతటదే జేబులోకి పోయింది. నన్ను ఎవరూ అడగలేదు. అందుకు నేను రంగనాథుడికి దండం పెట్టుకున్నాను.

"వ్యాను తిప్పు," అంది అమరావతి. "పోదాం."

ఆమె లోపలికి పోయాక నేను చెప్పులు వెదుక్కుంటున్నాను. నివేదిత నా పక్కకు వచ్చి, చెప్పులు కాలితో నా ముందుకు తోసింది.

"తాతా, ఏ పేజీనైనా ఈ ఫోను తమిళంలోకి మారుస్తాది, తెలుసా?"

"తెలీదే."

"ఒక్క నొక్కు చాలు. చదివి గూడా వినిపిస్తాది."

నేను కుడి చెప్పులో ఎడమ కాలు పెట్టాను.

"నొక్కినావా?"

"లేదు." ఫోను మీద చూపు దించింది. "ఆ చావు మాట ముందర గీత గూడా తీయలేదు. తీసి కొడితే దాని తర్వాతి కబురు ఏదైనా రాసుంటే వస్తుందేమో. రాకపోవచ్చు గూడా. నువ్వు చెప్పు తాతా, తీసేదా?"

వెదకడంలో నన్ను మించినవాడు లేడన్నాను కదా మీతో. పిల్ల ఇంతకంటే సులువైన ప్రశ్న ఎప్పుడూ అడగలేదు, నేను ఇంతగా ఎప్పుడూ తికమకపడలేదు.

"బండిలో సిగ్నలు సరిగా రాదులే," అన్నాను.

"హైవే మీద బాగా వస్తుంది తాతా."

"అట్లనా."

తలుపు తాళం పడిన చప్పుడు. అమరావతి బయటికి వచ్చింది. చీర మార్చుకోలేదు, తల దువ్వుకోలేదు. చేతిలో మాత్రం పెద్ద స్టీలు బాటిలు ఉంది, కుండలోని చల్లటి నీళ్ళు నిండుగా పోసి, మూత బిగించి, తడిగుడ్డ చుట్టి.

"దారిలో యాడైనా కొనచ్చు గదక్కా," అన్నాడు బాలచంద్రన్.

"ఆయనకు బయట నీళ్ళు పడవు. పాపం, ఎవుర్నడిగినాడో, ఎవురిచ్చినారో. మన బాయి నీళ్ళే తాగల్ల."

వ్యాను ముందు సీటులో కూర్చుని బాటిలు ఒళ్ళో నిలబెట్టుకుంది. మొదటి మలుపులో అది ఒరిగితే రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత చేతులు తీయలేదు. వెనక సీటులో నివేదిత ఫోను బోర్లించి తొడ మీద పెట్టుకుని, దాని మీద అరచెయ్యి ఆనించింది. నేను కిటికీ వైపు తిరిగాను.

నా కథల్లో ఏది నిజం, ఏది కోత అని మీరు ఉత్తరాలు రాస్తూ ఉంటారు. ఈసారి మీరు అడగకముందే చెప్పేస్తాను. ఆ వార్తలో పంచె ఉంది, నీలం చొక్కా ఉంది, కైలీలు ఉన్నాయి. మంచినీళ్ళు అడిగాడన్నది లేదు. అది నేను కల్పించింది. ఆ చోట ఉన్నది వేరే వాక్యం, 'ఇంతవరకు స్పృహలోకి రాలేదు' అని. దాన్ని దాటేసి, అక్కడ నీళ్ళు పోశాను. ముందు సీటులో ఆమె ఆ నీళ్ళు ఒలకకుండా పట్టుకుని కూర్చుంది.

వ్యాను హైవే ఎక్కింది.